నల్లరేగడిలో చక్రం: అద్దంకి సీమలో ఎడ్లబండి నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ దాకా

వెనక చక్రాలు మాత్రమే లాగే పాత పికప్ బండిలో ముందు చక్రాలకు కూడా ఇంజిను బలం అందేలా ఏర్పాటు చేస్తే అది ఫోర్ వీల్ డ్రైవ్ బండి అవుతుంది. ఈ మార్పిడి కోసం ముందు ఇరుసు, గేర్ల అమరిక, కమాను కట్టలు, స్టీరింగు, బ్రేకులు అన్నిటినీ కదపాలి. ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే ముందు నేలను చూడాలి. తడిసిన నేల మీద బరువును ఎలా దాటించాలన్న చిక్కు నల్లరేగడి సీమల్లో బండి ఎంత పాతదో అంత పాతది. దానికి ఒక్కో కాలంలో ఒక్కో జవాబు దొరికింది. ఫోర్ వీల్ డ్రైవ్ మార్పిడి వాటిలో ఒకటి. ఈ జవాబుల్లో చాలావరకు ఒకదాని తరువాత ఒకటిగా కనిపించే ప్రాంతాల్లో అద్దంకి ఒకటి.

నేల, వాన

అద్దంకి గుండ్లకమ్మ నది ఒడ్డున ఉంది. తెలుగు పద్యం కనిపించే తొలి శాసనాల్లో ఒకటైన పండరంగని శాసనం, సుమారు 848 నాటిది, ఇక్కడిదే. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యానికి ఇదే తొలి రాజధాని. రాజధాని తరువాత కొండవీటికి మారింది. ఆధునిక కాలంలో ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో పెద్ద భాగం నల్లరేగడి. ఈ మట్టిలో మాంట్‌మోరిలొనైట్ జాతి బంకమన్ను ఎక్కువ. దాని రేణువులు పలకలు పలకలుగా ఉంటాయి. ఆ పలకల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే వేసవిలో చేలు నెర్రెలు తీస్తాయి, వాన పడగానే ఆ నెర్రెలు పూడిపోయి నేల జిగట ముద్ద అవుతుంది. పత్తికి, శనగకు, మిరపకు, పొగాకుకు ఈ నేల మంచిది కావడానికి కారణం కూడా ఇదే. వానాకాలంలో పీల్చుకున్న తేమను రేగడి చాలా రోజులు పట్టి ఉంచుతుంది. పైరును బతికించే ఈ గుణమే బండిని దిగబెడుతుంది.

ఇక్కడ నైరుతి వానతో పాటు ఈశాన్య రుతుపవనాల వాన కూడా పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులూ వస్తాయి. శనగ విత్తడం, పొగాకు నాటడం, పత్తి తొలి తీతలు ఇంచుమించు ఆ రోజుల్లోనే జరుగుతాయి. ఎరువుల బస్తాలు చేనికి చేరాలి, నారు చేరాలి, కూలీలు చేరాలి. ఊరికీ చేనుకీ మధ్య ఉన్నది మాత్రం డొంక. తరాల తరబడి పశువులు, బండ్లు తొక్కి తొక్కి డొంకలు పొలం మట్టం కన్నా పల్లం అవుతాయి. అందువల్ల చేలోని నీరు ముందుగా దారిలోకే దిగుతుంది. రేగడి సీమలో రవాణా చరిత్రకు మూలం ఇదే.

కర్ర చక్రం

మొదటి జవాబు ఎద్దు. గుండ్లకమ్మ పరివాహకంతో కలిపి ఒంగోలు చుట్టుపక్కల పెరిగిన ఒంగోలు జాతి పశువులు బరువు లాగడానికి ప్రసిద్ధి. పెద్ద శరీరం, బలమైన మెడ, పొడుగు కాళ్ళు ఉన్న ఎడ్లు లోతు రేగడిలో నాగలికీ బండికీ పనికొచ్చాయి. సంక్రాంతికి, తిరునాళ్ళకు ఈ ప్రాంతంలో నేటికీ జరిగే బండలాగుడు పోటీలు ఆ బలానికి పరీక్షలే.

రెండో జవాబు చక్రం ఎత్తు. చక్రం ఎంత పెద్దదైతే గుంట నుంచి, బురద నుంచి పైకి లేవడం అంత తేలిక. అందుకే పాత బండి చక్రం మనిషి ఛాతీ దాకా ఉండేది. వడ్రంగి దీన్ని ఎక్కువగా నల్లతుమ్మతో చేసేవాడు. మధ్యలో కుండ, దాని నుంచి బయలుదేరే ఆకులు, ఆకులను బయట కలిపే పూటీలు, పూటీల చుట్టూ ఇనుప పట్టా. పట్టా ఎక్కించే రోజు వడ్రంగికీ కమ్మరికీ కలిసి పని. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా తక్కువగా కొలిచి అతికేవారు. దాని చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. వేడికి వ్యాకోచించిన పట్టాను పట్టకారులతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో సరిచేసి, వెంటనే నీళ్ళు పోసేవారు. చల్లారిన పట్టా బిగుసుకుని పూటీలను, ఆకులను, కుండను ఒక్కటిగా పట్టేసేది. మేకు లేకుండా చక్రం గట్టిపడేది ఇలాగే. ఇరుసు అరగకుండా వరిగడ్డి మసిలో ఆముదం కలిపిన కందెన పూసేవారు. చక్రం జారిపోకుండా ఇరుసు చివర సీల ఉండేది.

ఈ చక్రానికి ఒక పెద్ద లోపం ఉంది. ఇనుప పట్టా వెడల్పు తక్కువ. బరువంతా ఆ సన్నని అంచు మీదే పడడంతో అది మెత్తని నేలను కత్తిలా కోసేది. ఒక బండి కోసిన గాడిలోనే తరువాతి బండీ నడిచేది, గాడి ఇంకా లోతయ్యేది. కంకర రోడ్లు వచ్చాక వాటినీ ఈ పట్టాలే పాడుచేశాయి.

అద్దంకికి రైలు రాలేదు. మద్రాసు, బెజవాడల మధ్య రైలు దారి 1899లో పూర్తయినా అది ఒంగోలు, చీరాల మీదుగా తీరం వెంటే సాగింది. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు పెరిగి చీరాల ఆ వ్యాపారానికి కేంద్రమైంది. అందువల్ల లోతట్టు పల్లెల సరుకు రైలుకూ మార్కెట్టుకూ చేరాలంటే ఎడ్లబండే దిక్కయింది.

టైరు బండి

బండి రూపంలో మొదటి పెద్ద మార్పిడి మోటారుతో రాలేదు, రబ్బరుతో వచ్చింది. డన్‌లప్ కంపెనీ 1930ల్లో ఎడ్లబండ్లకు గాలి టైర్లు ప్రచారంలోకి తెచ్చింది. కలకత్తా దగ్గర సాహాగంజ్‌లో దాని ఫ్యాక్టరీ 1936లో మొదలైంది. స్వాతంత్ర్యం తరువాత లారీల పాత టైర్లు, ఉక్కు ఇరుసు, బేరింగులతో బండ్లు కట్టించుకోవడం పెరిగింది. పల్లెల్లో వీటి పేరు టైరు బండి.

పాత బండి పైభాగాన్ని ఉంచి కింది ఇరుసు, చక్రాలు మాత్రమే మార్చుకున్న రైతులూ ఉన్నారు. పాత బండికి కొత్త నడక ఇవ్వడం ఈ సీమకు అప్పటి నుంచే అలవాటు. వెడల్పు టైరు బరువును ఎక్కువ నేల మీద పరుస్తుంది, కాబట్టి గాడి తక్కువ పడుతుంది. బేరింగు వల్ల రాపిడి తగ్గుతుంది, అదే జత ఎడ్లు ఎక్కువ బరువు లాగుతాయి. నష్టాలూ లేకపోలేదు. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే పంక్చరు. చక్రం చిన్నదైనందువల్ల లోతు బురదలో పాత కర్ర చక్రం దాటిన చోట టైరు బండి ఆగిపోయేది. 1970ల్లో బెంగళూరు ఐఐఎం సంచాలకుడు ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండి మెరుగుదల గురించి దేశమంతటా వాదించినప్పుడు చర్చ ఈ విషయాల చుట్టూనే తిరిగింది: చక్రం, బేరింగు, కాడి, ఎద్దు మెడ మీద భారం.

నాలుగు చక్రాలూ లాగే బండి పుట్టుక

ఎద్దు చక్రాన్ని ఈడుస్తుంది, మోటారు బండిలో చక్రమే నేలను తన్నుకుంటూ ముందుకు పోతుంది. అందువల్ల పట్టు దొరకకపోతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ బలం పంచితే పట్టు పెరుగుతుంది. అందుకోసం అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒట్టో జాకో, విలియం బెస్సర్డిక్ అనే ఇద్దరు మెకానిక్కులు ముందు చక్రాలు పక్కకు తిరుగుతూనే బలాన్ని అందుకునే జాయింటును రూపొందించారు. ఆ జాయింటుకు పేటెంటు 1908లో వచ్చింది, 1909లో ఎఫ్‌డబ్ల్యుడి కంపెనీ ఏర్పడింది.

మామూలు ట్రక్కును ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చడం ఒక వృత్తిగా నిలబడింది 1930ల్లో. ఇండియానాపొలిస్‌లో 1931లో మొదలైన మార్మన్-హెరింగ్టన్ కంపెనీ ఆ దశాబ్దం నడుమ నుంచి ఫోర్డు ట్రక్కులకు ముందు ఇరుసులు అమర్చడం చేపట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణాఫ్రికా సాయుధ కార్ల కింద ఆ కంపెనీ పరికరాలే ఉన్నాయి. భారతదేశంలో టాటా ఉక్కుతో కట్టిన సాయుధ వాహనాలకు కెనడా ఫోర్డు ఫోర్ వీల్ డ్రైవ్ చాసీసులు వాడారు. వాటిని సైనికులు టాటానగర్లని పిలిచేవారు. యుద్ధం తరువాత మినియాపొలిస్‌లోని నాప్కో కంపెనీ షెవర్లే, జీఎంసీ పికప్‌ల కోసం ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు కలిపి ఒక కిట్టుగా అమ్మింది. పొలాల్లో, అడవుల్లో, గనుల్లో తిరిగే పాత పికప్‌లకు వాటిని బిగించేవారు. 1957 నుంచి షెవర్లే ఆ ఏర్పాటును తన ఫ్యాక్టరీలోనే ఇచ్చింది. 1959లో ఫోర్డు సొంతంగా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు తెచ్చింది. తయారీదారే ఇవ్వడం మొదలుపెట్టాక బయట మార్పిడి వ్యాపారం క్రమంగా తగ్గింది.

జీపు రాక

భారత పల్లెకు ఫోర్ వీల్ డ్రైవ్‌ను పరిచయం చేసింది పికప్ కాదు, జీపు. 1941 నుంచి యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు తయారుచేసిన జీపులు 6 లక్షలు దాటాయి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన వాహనాలు డిస్పోజల్ వేలాల ద్వారా పౌరుల చేతికి వచ్చాయి. 1947లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది, తరువాతి దశాబ్దంలో తయారీకి దిగింది.

పల్లె జనానికి జీపు సర్కారు బండిగా పరిచయమైంది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సామాజిక వికాస పథకం కింద అభివృద్ధి బ్లాకుల అధికారులు జీపుల్లో తిరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు ఏర్పడ్డాక అది సమితి జీపు అయింది. వానాకాలంలో బస్సు రాని ఊరికి కూడా ఆ బండి వచ్చేది.

ప్రైవేటు యజమానుల లెక్క వేరు. పొడి రోడ్డు మీద ముందు ఇరుసు అదనపు బరువు, అదనపు ఖర్చు. అందుకే కిరాయి జీపుల నుంచి ముందు ఇరుసుకు బలం చేర్చే జాయింటు రాడ్డును ఊడదీసి వెనక చక్రాలతోనే నడిపినవారు ఉన్నారు. మహీంద్రా కూడా అదే చాసీసు కుటుంబం మీద వెనక చక్రాలు మాత్రమే లాగే బండ్లను విస్తారంగా అమ్మింది. నాలుగు నుంచి రెండుకు, రెండు నుంచి నాలుగుకు మార్చే పని మన దేశంలో ఎక్కువగా ఈ జీపు కుటుంబంలోనే సాగడానికి కారణం భాగాలు ఒకదానికొకటి సరిపోవడమే. హర్యానాలోని మండీ డబ్వాలీలో పాత భాగాలతో జీపులు కట్టడం ఒక వీధి పరిశ్రమగా పేరు పొందింది. ఆంధ్రలో 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలకు, చాసీసు పనులకు, పాత భాగాలకు కేంద్రమైంది. అద్దంకి ప్రాంతపు బండ్ల పెద్ద మరమ్మతులకు ఒంగోలు, గుంటూరు, విజయవాడలే దారి.

మార్పిడి జరిగే తీరు

వెనక చక్రాలు లాగే బండిలో ఇంజిను నుంచి బలం క్లచ్, గేరు బాక్సు, జాయింటు రాడ్డు దాటి వెనక హౌసింగులోని క్రౌన్, పీనియన్ అనే పళ్ళ చక్రాలకు చేరుతుంది. మార్పిడిలో మొదట గేరు బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు చేరాలి. అది బలాన్ని రెండుగా పంచి ఒక రాడ్డును వెనక్కి, ఒక రాడ్డును ముందుకు పంపుతుంది. గేరు బాక్సుకే అతికించే రకం ఒకటి, చాసీసుకు విడిగా వేలాడదీసి చిన్న రాడ్డుతో కలిపే రకం ఇంకొకటి. రెండోది వేస్తే పాత గేరు బాక్సును ముట్టుకోనక్కరలేదు. చాలా ట్రాన్స్‌ఫర్ కేసుల్లో లో రేంజి కూడా ఉంటుంది. యుద్ధకాలపు జీపులో అది వేగాన్ని దాదాపు సగానికి తగ్గించి లాగుడు బలాన్ని ఆ మేరకు పెంచేది.

తరువాత ముందు ఇరుసు. పాతది చక్రాలను మోసే కడ్డీ మాత్రమే. దాని స్థానంలో రెండు పక్కల చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్, లోపలి షాఫ్టులు, చక్రాల దగ్గర తిరిగే జాయింట్లు ఉన్న ఇరుసు రావాలి. డిఫరెన్షియల్ గుండు ఏ పక్కన ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు మూతి కూడా ఆ పక్కకే ఉండాలి. ఆ గుండు ఇంజిను చమురు తొట్టికి తగలకుండా ముందు భాగాన్ని ఎత్తాలి. కమాను కట్టలు మార్చాలి. ఎత్తు పెరిగితే స్టీరింగు రాడ్ల కోణం, బ్రేకు గొట్టాల పొడవు, జాయింటు రాడ్ల పొడవు అన్నీ మారతాయి. రాడ్డును కోసి అతికించాక బ్యాలెన్సు సరిచూడకపోతే వేగంలో బండి వణుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పళ్ళ లెక్క. క్రౌన్‌కు 39 పళ్ళు, పీనియన్‌కు 8 పళ్ళు ఉంటే నిష్పత్తి 4.88. యుద్ధకాలపు జీపులది అదే. క్రౌన్ 43, పీనియన్ 8 అయితే 5.38. ముందు ఇరుసు ఒక నిష్పత్తి, వెనక ఇరుసు ఇంకో నిష్పత్తి అయితే ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగాలని చూస్తాయి. బురదలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడి ఏదో ఒకటి విరుగుతుంది. పాత హౌసింగు కొనేవాడు మూత విప్పి పళ్ళు లెక్కపెట్టడం అందుకే. నిష్పత్తులు సరిపోయినా పొడి రోడ్డు మలుపుల్లో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, ఈ రకం ఫోర్ వీల్ డ్రైవ్‌ను జారే నేల మీదే వాడాలి. మిగతా సమయంలో ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే హబ్బులను 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ తెచ్చాడు.

ఇంత చేసినా రేగడి ఒక మెలిక పెడుతుంది. బంకమన్ను టైరు గాళ్ళలో నిండి గట్టిపడితే టైరు నున్నటి ముద్ద అవుతుంది. అప్పుడు రెండు చక్రాలు జారేచోట నాలుగూ జారతాయి. ఈ నేలలో ఇరుసు ఎంత ముఖ్యమో, మన్నును విదిలించే లోతు గాళ్ళ టైరు అంతే ముఖ్యం.

ట్రాక్టరు ఇచ్చిన జవాబు

అద్దంకి సీమలో ఈ చిక్కును ఎక్కువ మందికి తీర్చింది ట్రాక్టరు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నుంచి చీలిన అద్దంకి బ్రాంచి కాలువ ఈ మెట్ట సీమలోకి నీరు తెచ్చింది. పత్తి, మిరప విస్తరించాయి, సరుకు పెరిగింది, పనుల గడువు తగ్గింది. దేశంలో ట్రాక్టరు తయారీ ఊపందుకున్నది కూడా 1960ల్లోనే.

ట్రాక్టరు సాధారణంగా వెనక చక్రాలతోనే లాగుతుంది. అయినా పికప్ దిగబడిన చోట నడుస్తుంది. వెనక చక్రం పెద్దది, దాని గాళ్ళు లోతు, బరువులో ఎక్కువ పాలు వెనక ఇరుసు మీదే ఉంటుంది. ఒక చక్రం జారుతుంటే రెండిటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉంటుంది. కుడి, ఎడమ చక్రాలకు విడి బ్రేకులు ఉంటాయి. ఖాళీ పికప్‌లో పరిస్థితి దీనికి తిరగబడుతుంది. బరువులో ఎక్కువ పాలు ముందున్న ఇంజినుది, లాగాల్సిన వెనక చక్రాల మీద భారం తక్కువ. ఒక చక్రం జారితే మామూలు డిఫరెన్షియల్ బలాన్ని దానికే వదిలేస్తుంది. పాత కర్ర చక్రం నేర్పిన ఎత్తు పాఠం ట్రాక్టరులో మళ్ళీ కనిపిస్తుంది. వెనక తగిలించే ట్రక్కు (ట్రెయిలరు) ఎడ్లబండి పనంతా తీసుకుంది. దున్నే యంత్రమే మోసే యంత్రం కూడా కావడంతో రైతుకు వేరే బండి కొనాల్సిన అవసరం తగ్గింది. ఇటీవలి కాలంలో ముందు చక్రాలూ లాగే ట్రాక్టర్లు వచ్చాయి. ముందు చక్రం చిన్నది, వెనకది పెద్దది, అందుకని పళ్ళ నిష్పత్తులు వేర్వేరుగా ఉంచి నేల మీద వేగం సమానం చేస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ అనే మాట నేటి రైతుకు ఎక్కువగా ఈ ట్రాక్టరు వల్లే పరిచయం.

పికప్ కాలం

1980ల నడుమ జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో దేశంలోకి చిన్న ట్రక్కులు వచ్చాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, అల్విన్ నిస్సాన్. చివరిది హైదరాబాదు అల్విన్ కంపెనీది. దాని జహీరాబాదు ఫ్యాక్టరీ తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పికప్, 2005లో టాటా ఏస్ వచ్చాయి. మిరప టిక్కీలను (బస్తాలను) గుంటూరు యార్డుకు, పొగాకు బేళ్ళను వేలం కేంద్రాలకు, పత్తిని మిల్లులకు చేర్చడంలో మహీంద్రా బొలేరో పికప్ లాంటి బండ్లు పల్లెకు అలవాటయ్యాయి. వీటిలో దాదాపు అన్నీ వెనక చక్రాలు లాగేవే.

వీటికి మార్పిడి అవసరం పెద్దగా కలగకపోవడానికి పంట కాలమే ముఖ్య కారణం. మిరప కోతలు, అమ్మకాలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నేల ఎండి ఉన్నప్పుడు. శనగ చేతికి వచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. బరువు ఎక్కువగా కదిలే రోజుల్లో రేగడి రాయిలా గట్టిగా ఉంటుంది. వానాకాలంలో చేలోంచి రోడ్డు దాకా ట్రాక్టరు, రోడ్డు నుంచి మార్కెట్టు దాకా పికప్ అనే పని పంపకం కుదిరింది. రోడ్లు కూడా మెరుగుపడ్డాయి. 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. నార్కెట్‌పల్లి నుంచి అద్దంకి మీదుగా మేదరమెట్ల చేరే రహదారి నాలుగు వరసలైంది.

రెండో కారణం చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, 2000లో జరిగిన సవరణతో, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని మార్పిడికి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే. ఇరుసు, స్టీరింగు, బ్రేకులు కలిసి మారే పనికి ఈ కట్టడి న్యాయమైనదే. దారిన పోయే ఇతరుల ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

నాలుగు చక్రాలూ లాగే పికప్ నిజంగా కావాలనుకునేవారికి ఇప్పుడు ఫ్యాక్టరీలోనే దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వెనక చక్రాలు లాగే డి-మ్యాక్స్, నాలుగు చక్రాలూ లాగే వి-క్రాస్ రెండూ వస్తున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ వి-క్రాస్‌లో డ్రైవరు ఒక స్విచ్చు తిప్పితే ముందు ఇరుసు కలుస్తుంది. వర్క్‌షాపులో రోజుల తరబడి సాగే పనంతా అక్కడ డిజైనులోనే ఒదిగిపోయింది.

అద్దంకి సీమ రవాణా చరిత్రను మొత్తంగా చూస్తే ఒక విషయం స్పష్టం. ఇక్కడి రైతు చక్రాన్ని మార్చాడు, ఇరుసును మార్చాడు, లాగే శక్తిని మార్చాడు. ప్రతిసారీ పంట కాలానికి, చేతిలోని డబ్బుకు సరిపోయే మార్పునే ఎంచుకున్నాడు. పాత పికప్‌కు ముందు ఇరుసు బిగించడం ఆ లెక్కలో ఇమడలేదు. ఆ నిర్ణయం సరైనదే. అయితే తుపాను వానల్లో చేనికి దారి తెగిపోయే కష్టం నేటికీ ఉంది. దాన్ని తీర్చవలసింది వర్క్‌షాపు కాదు. ప్రతి డొంకకూ మట్టం పెంచి, పక్క కాలువలు తీసి, గ్రావెల్ పోయించడం పంచాయతీల, ప్రభుత్వాల బాధ్యత. అది జరిగితే రెండు చక్రాలు లాగే బండే ఈ సీమకు చాలు.